ఏప్రిల్ నాటికి అయిదేళ్ళ పిల్ల ఏం నేర్చుకుంది?

(అంగన్‌వాడీ టీచర్లు, మహిళా సంఘాల సభ్యులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు కలిసి మార్చి నెలలో జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల గురించి మాట్లాడుకునే చోట అయిదేళ్ళ పిల్లల చదువు గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఆస్తి హక్కు ఉంది, కనీస వేతనాలున్నాయి, గృహహింస ఉంది, వాటి మధ్య ఈ ఆటపాటల ముచ్చటెందుకని. కానీ మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పిల్లల్ని ఎవరు చూసుకుంటున్నారు, వాళ్ళకి ఎవరు నేర్పుతున్నారు, ఆ పనికి ఎంత డబ్బు ముడుతోంది, ఆ పిల్లల్లో ఆడపిల్ల ఏ బడికి పోతోంది అని అడిగి చూడండి. నాలుగు ప్రశ్నలకీ జవాబు ఆడవాళ్ళ దగ్గరికే వస్తుంది. అందుకని ఇది మన విషయమే.

ఈ సమయంలోనే మాట్లాడుకోవడానికి ఇంకో కారణం ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో బడి సంవత్సరం ఏప్రిల్ మూడో నాలుగో వారంలో ముగుస్తుంది. మళ్ళీ జూన్ 12 ప్రాంతంలో మొదలవుతుంది. ఈ రెండు నెలల్లో ఒక్కో ఊళ్ళో ఒక్కో తీరు చూస్తాం. ప్రైవేటు బడిలో యుకేజీ పిల్లలకి నల్లగౌనూ నాలుగు పలకల టోపీ తొడిగి, పట్టా చేతికిచ్చి ఫోటోలు తీస్తారు. అదే వీధి చివర అంగన్‌వాడీలో అదే వయసు పిల్లలు ఏ చప్పుడూ లేకుండా రావడం మానేస్తారు. రిజిస్టరులో పేరు కొట్టేస్తారు, అంతే. ఇద్దరు పిల్లలూ ఆ ఏడాది ఏం నేర్చుకున్నారో మాత్రం ఈ రెండు చోట్లా ఎవరూ అడగరు. నేను ఇవాళ ఆ ప్రశ్న అడుగుదామనుకుంటున్నాను.

ముందు నేర్చుకోవడం అంటే ఏమిటో చూద్దాం. ఒకటి నుంచి పది దాకా గడగడా అప్పజెప్పడం ఒక పని. "పది చింతపిక్కలు తెచ్చిపెట్టమ్మా" అంటే సరిగ్గా పది తెచ్చిపెట్టడం వేరే పని. రెండోదానికి పిల్ల ఒక్కో పిక్క మీద వేలు పెట్టి ఒక్కో అంకె పలకాలి. ఏ పిక్కనీ వదలకూడదు, దేన్నీ రెండుసార్లు లెక్కపెట్టకూడదు. చివరన పలికిన అంకె ఆ కుప్ప మొత్తానికి చెందుతుందని తెలియాలి. జూన్‌లో కేంద్రానికి వచ్చిన నాలుగేళ్ళ పిల్ల పిక్కల్ని గబగబా దాటిపోతూ అంకెలు పలుకుతుంది. మార్చి వచ్చేసరికి అదే పిల్ల ఆగి, వేలు పెట్టి, "అయ్యో, దీన్ని మళ్ళీ లెక్కపెట్టాను" అని తనే దిద్దుకుంటుంది. ఆ దిద్దుకోవడమే ఆ ఏడాది చదువు.

అలాగే ఆకుల్ని చిన్న నుంచి పెద్దకి వరసగా పేర్చడం, శనగలూ పెసలూ కందులూ కలిపి పోస్తే వేరు చేయడం, రెండు ఎర్రపూసలూ ఒక పచ్చపూసా గుచ్చి అదే వరసలో ముందుకు పోవడం. ఇవన్నీ గణితానికి పునాదులు. దీనికి కొనుక్కురావలసిన సామాను లేదు. మన ఆడపిల్లలు అరుగుల మీద ఆడిన వామనగుంటలు, అచ్చనగాయలు, తొక్కుడుబిళ్ళలో లెక్క ఉంది, గురి ఉంది, ఒంటికాలి మీద నిలబడే నిబ్బరం ఉంది. ముగ్గు చుక్కల్లో వరస ఉంది. ఆడవాళ్ళ ఆటలు కాబట్టి వాటిని ఎవరూ చదువు అనలేదు.

ఇక మాట. ఏడాది చివరికి అయిదేళ్ళ పిల్ల విన్న కథని మొదలూ మధ్యా చివరా తప్పకుండా తిరిగి చెప్పగలుగుతుంది. "కాకి అలా ఎందుకు చేసింది?" అంటే తనకు తోచిన కారణం చెబుతుంది. తన పేరు, అమ్మ పేరు, ఊరి పేరు చెబుతుంది. "మామిడి, మల్లె, మేక – వీటిలో మొదట ఒకే చప్పుడు వినిపిస్తోందా?" అని అడిగితే చెవి పెట్టి వింటుంది. తన పేరు రాసి ఉన్న కాగితాన్ని పది కాగితాల్లోంచి ఏరుకుంటుంది. పుస్తకాన్ని తలకిందులు కాకుండా పట్టుకుని, బొమ్మలు చూస్తూ తన సొంత కథ చదువుతుంది. ఇవి వచ్చిన పిల్లకి ఒకటో తరగతిలో అక్షరాలు నేర్పడం తేలిక. ఇవి రాని పిల్లకి అక్షరాలన్నీ వచ్చినా చదవడం కష్టం.

చేయి సంగతి చూడండి. మన తెలుగు లిపి గుండ్రటిది. మెలికలు, తలకట్లు, సుడులు ఉంటాయి. అయిదేళ్ళ వయసులో మణికట్టులోని చిన్న ఎముకలు ఇంకా గట్టిపడుతూనే ఉంటాయి. ఆ చేతికి మట్టి పిసకడం, కాగితం చింపి అంటించడం, పూసలు గుచ్చడం, బొత్తాలు పెట్టుకోవడం, ఇసుకలో వేలితో గీయడం కావాలి. ఇవి ఏడాదంతా చేసిన పిల్ల ఏప్రిల్‌లో మనిషి బొమ్మ వేస్తే తల, కళ్ళు, చేతులు, కాళ్ళు అన్నీ ఉంటాయి. ఆ వేళ్ళు బలపం పట్టడానికి సిద్ధంగా ఉన్నాయని ఆ బొమ్మే చెబుతుంది.

నాలుగోది నలుగురిలో మెలగడం. వంతు వచ్చేదాకా ఆగడం, తన వంతు లాక్కుంటే గట్టిగా చెప్పడం, పక్కపిల్ల ఏడిస్తే దగ్గరికి పోవడం, తనంతట తాను చేతులు కడుక్కుని అన్నం తినడం, మరుగుదొడ్డికి పోవాలని అడగడం. దీనితోపాటు తన ఒంటి భాగాలకి పేర్లు తెలియడం, ఎవరైనా ఇష్టం లేకుండా తాకితే "వద్దు" అనగలగడం, వచ్చి టీచరుకో అమ్మకో చెప్పగలగడం. ఆడపిల్ల నోటి నుంచి "వద్దు" అనే మాట రావడానికి ఆ మాట ఎక్కడో ఒకచోట నేర్చుకుని ఉండాలి కదా.

మరి ఈ నెలల్లో మన పిల్లల చేత ఏం చేయిస్తున్నారు? నాలుగు గీతల నోటుబుక్కులో ఒకే అక్షరం పేజీ నిండా రాయిస్తున్నారు. యుకేజీకి కూడా పరీక్షలు, మార్కులు, ర్యాంకులు. ఇంగ్లీషు పాట రాగం తప్పకుండా పాడిన పిల్ల అందులో ఒక్క మాటకీ అర్థం చెప్పలేదు. ఈ జబ్బు ప్రైవేటు బడులకే పరిమితం కాలేదు. అంగన్‌వాడీ టీచర్లు కూడా పలకలు పట్టించి గోడమీది చార్టు అప్పజెప్పిస్తున్నారు. ఎందుకమ్మా అంటే, "అలా చేయించకపోతే పిల్లల్ని పంపరు, ఇక్కడ తిండి తప్ప చదువు లేదంటారు" అంటారు.

ఇందులో తల్లుల్ని తప్పుపట్టడానికేమీ లేదు. తను చదువుకోలేకపోయిన తల్లి బిడ్డకి చదువు వస్తోందనడానికి కంటికి కనిపించే రుజువు కోరుతుంది. నోటుబుక్కు నిండిన పేజీ ఆ రుజువుగా కనిపిస్తోంది. కూలి డబ్బుల్లోంచి ఫీజు కట్టి, ఆ పేజీని కొనుక్కుంటోంది. మనం ఆమెకి ఇంకో రుజువు చూపించాలి. ఏప్రిల్‌లో ఒకరోజు తల్లుల్ని కేంద్రానికి పిలిచి, జూన్‌లో వేసిన బొమ్మనీ ఇప్పటి బొమ్మనీ పక్కపక్కన పెట్టి చూపించండి. ఆమె కళ్ళ ముందే పిల్ల చేత పిక్కలు లెక్కపెట్టించండి, కథ చెప్పించండి. "మా పిల్ల ఇంత మాట్లాడుతుందా" అని ఆ తల్లే అంటుంది.

ఆడపిల్లల విషయానికి వద్దాం. ఈ ఏడాది చివరి రోజుల్లో వార్షికోత్సవాలు జరుగుతాయి. ఆడపిల్లలకి చీరకట్టి, పెదాలకి రంగువేసి, పెద్దవాళ్ళ సినిమా పాటకి నడుం తిప్పమంటారు. మగపిల్లల్ని పోలీసుగానో సైనికుడిగానో నిలబెడతారు. తరగతిలోనూ అంతే. బొమ్మల పొయ్యి ఆడపిల్లల ముందు, బొమ్మ కారు మగపిల్లల ముందు. అన్నం వేళకి గ్లాసులు పంచమని, చాప దులపమని ఎవర్ని లేపుతున్నామో గమనించండి. అయిదేళ్ళకే ఈ పాఠం కంఠతా వచ్చేస్తుంది. దీనికి పరీక్ష పెట్టనక్కర్లేదు.

ఏప్రిల్‌లోనే ఇంట్లో ఇంకో నిర్ణయం జరుగుతుంది. ఫీజు కట్టగలిగేది ఒక్కరికే అయితే కొడుకు ప్రైవేటు బడి బస్సెక్కుతాడు, కూతురు ఊళ్ళో బడికి పోతుంది. ఊళ్ళో బడి చెడ్డదని నేననడం లేదు. ఖర్చుపెట్టవలసి వచ్చినప్పుడు ఎవరి మీద పెట్టారన్నదే వివక్షకి కొలత. ఆ ఊళ్ళో అంగన్‌వాడీ సరిగా నడవకపోతే ఇంకో ఆడపిల్ల కూడా నష్టపోతుంది. తమ్ముణ్ణి చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోయే పదేళ్ళ అక్క. తారాబాయి మోడక్ దీన్ని ఎప్పుడో గుర్తించారు. ఆమె 1945లో మహారాష్ట్రలోని బోర్డీలో పేదల వాడల్లో, ముంగిళ్ళలోనే పిల్లల బడి నడిపారు. అంగన్‌వాడీ అనే ఆలోచన అక్కడిదే. అనూతాయి వాఘ్ ఆమెతో కలిసి పనిచేశారు. తర్వాత కోస్బాడ్‌లో ఆదివాసుల మధ్య శిశుసంరక్షణ కేంద్రం, బాలవాడీ, ప్రాథమిక పాఠశాల ఒకేచోట పెట్టారు. చంటిబిడ్డని ఎత్తుకున్న అక్క ఆ బిడ్డని పక్కగదిలో దించి తను తరగతిలో కూర్చునే వీలు అందులో ఉంది.

ఏడాది ముగిసేనాటికి అసలు కేంద్రంలో కనబడని పిల్లలున్నారు. వాళ్ళని మరిచిపోవద్దు. మిరప కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి, కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలే గుంటూరు, పల్నాడు వైపు కోతలకి పోతాయి. బడి వయసు పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు పెట్టారు. నాలుగేళ్ళ పిల్లకి హాస్టలు లేదు. ఆ పిల్ల తల్లితోపాటు మిరపచేలో ఘాటులో కూర్చుంటుంది. ఒడిశా నుంచి తెలంగాణ ఇటుకబట్టీలకి వచ్చిన కుటుంబాలు ఎండాకాలం ముగిసేదాకా ఇక్కడే ఉంటాయి. ఆ పిల్లలు అక్కడి లెక్కలోనూ లేరు, ఇక్కడి లెక్కలోనూ లేరు. గోండీ, కోయ, సవర మాట్లాడే పిల్లలు కేంద్రంలో ఉన్నా తెలుగు పాటలు అర్థం కాక మూల కూర్చుంటారు. ఏడాది చివర "ఈ పిల్లకేమీ రాదు" అని రాస్తారు. ఆ పిల్ల తన భాషలో కథ చెప్పగలదు, లెక్కపెట్టగలదు. వినేవాళ్ళకే ఆ భాష రాదు. నడవలేని, వినిపించని పిల్లల్ని అసలు కేంద్రానికి తీసుకురావడమే లేదు.

ఇన్ని జరుగుతుంటే చట్టం ఏమంటోంది? 1950లో రాజ్యాంగం 45వ అధికరణంలో, పదేళ్ళలోగా 14 ఏళ్ళు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి రాజ్యం కృషి చేయాలని రాసుకున్నాం. అందులో ఆరేళ్ళ లోపు పిల్లలకి మినహాయింపు లేదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, అది మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మీద వచ్చిన కేసే, సుప్రీం కోర్టు 14 ఏళ్ళ లోపు పిల్లలకి చదువు ప్రాథమిక హక్కు అంది. తర్వాత 2002లో 86వ సవరణ వచ్చింది. 21ఎ అధికరణంలో హక్కుని 6 నుంచి 14 ఏళ్ళకి పరిమితం చేసింది. ఆరేళ్ళ లోపు పిల్లల్ని 45వ అధికరణంలో, "కృషి చేయాలి" అన్న మాట కింద వదిలేసింది. 2009 విద్యా హక్కు చట్టం కూడా ఆ దారినే నడిచింది. మూడేళ్ళు దాటిన పిల్లల పూర్వ ప్రాథమిక విద్యకి ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అని 11వ సెక్షన్ అంటుంది. "చేయవచ్చు" అన్న మాట మీద కోర్టుకి పోయి గెలవడం కష్టం. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అని చెప్పింది. అది విధానం, హక్కు కాదు. మాట బాగుంది గానీ పిల్ల తరఫున అడగడానికి చేతిలో కాగితం లేదు.

ఉన్న హక్కుల్ని మాత్రం గట్టిగా పట్టుకోవాలి. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆరేళ్ళ దాకా పిల్లకి అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం అందాలి. మన రాష్ట్రాల్లో అయిదేళ్ళు నిండినవాళ్ళని చాలాకాలంగా ఒకటో తరగతిలో చేర్చుకుంటున్నారు. కాబట్టి ఏప్రిల్‌లోనే పేరు కొట్టేస్తే, బడిలో చేరేదాకా ఆ పిల్ల ఆహార హక్కు పోయినట్టే. అలా కొట్టేయనివ్వకండి. ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి పిల్లకీ తల్లిదండ్రులకీ పరీక్ష పెట్టడాన్ని విద్యా హక్కు చట్టం 13వ సెక్షన్ నిషేధించింది. మొదటిసారి 25 వేల రూపాయల దాకా, తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా ఉంది. వయసు రుజువు లేదన్న కారణంతో చేర్చుకోకపోవడాన్ని 14వ సెక్షన్ ఒప్పుకోదు. ఈ రెండూ కంఠస్థం చేసి పెట్టుకోండి, జూన్‌లో పనికొస్తాయి.

ఇక నేర్పేవాళ్ళ సంగతి. 1975 అక్టోబరు 2న ఐసిడిఎస్ మొదలయినప్పుడు కార్యకర్తకి ఇచ్చేదాన్ని గౌరవ వేతనం అన్నారు. ఇన్నేళ్ళయినా ఆ పేరు మారలేదు. 2018లో కేంద్రం తన లెక్కలో కార్యకర్తకి నెలకి 4,500 రూపాయలు, ఆయాకి 2,250 రూపాయలు అని నిర్ణయించింది. మిగతాది రాష్ట్రాల దయ. ఆంధ్రప్రదేశ్‌లో 11,500 రూపాయలతో బతకలేమని 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. గమనించండి, జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవ, సమ్మె చేసినప్పుడు అత్యవసర సేవ! ఒక టీచరు పొద్దున్నుంచి బరువులు తూచాలి, ఫోనులో పోషణ్ ట్రాకర్ నింపాలి, గర్భిణుల ఇళ్ళకి పోవాలి, సర్వేలు చేయాలి, ఓటర్ల జాబితా పనికీ పోవాలి. ఇన్నింటి మధ్య పిల్లలతో కూర్చునే గంట ఎక్కడుంది? పిల్లల తల్లి చేసే పనికి ఇంట్లో విలువ లేదు కాబట్టి, అదే పని ఊరి కోసం చేసే ఆడమనిషికీ విలువ కట్టలేదు.

2022 ఏప్రిల్ 25న సుప్రీం కోర్టు గుజరాత్ నుంచి వచ్చిన కేసులో అంగన్‌వాడీ కార్యకర్తలకూ ఆయాలకూ గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పింది. అంగన్‌వాడీల్లో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి పూర్వ ప్రాథమిక విద్య జరుగుతోందన్నది ఆ తీర్పుకి ఒక ఆధారం. పిల్లలకి చదువు చెబుతున్నారు కాబట్టి ఆ హక్కు వచ్చింది. పిల్ల హక్కూ టీచరు హక్కూ ఒకదానికొకటి పోటీ కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంటుంది?

చివరగా, ఇవాళ్టి నుంచి జూన్ 12 దాకా మనం చేయగల పనులు చెప్పి ముగిస్తాను.

ఒకటి, బడి మూసేలోగా మీ కేంద్రం నుంచి బయటికి పోతున్న పిల్లల జాబితా రాయండి. ఎవరు ఏ బడికి పోతున్నారో ఆడ, మగ విడివిడిగా రాయండి. మీ ఊళ్ళో వివక్ష ఎంతుందో ఆ కాగితమే చెబుతుంది. వలసపోయిన పిల్లల పేర్లు కూడా అందులో ఉండాలి.

రెండు, ప్రతి పిల్ల గురించీ ఒక కాగితం రాయండి. ఏం చేయగలదు, ఇంట్లో ఏ భాష మాట్లాడుతుంది, దేనికి భయపడుతుంది, ఎవరితో ఆడుతుంది. ఆ కాగితాన్ని ఒకటో తరగతి టీచరు చేతికివ్వండి.

మూడు, ఏప్రిల్‌లోనే ఒకరోజు పిల్లల్ని ఆ బడికి తీసుకుపోండి. గది, కుళాయి, మరుగుదొడ్డి, టీచరు ముఖం చూపించండి. జూన్‌లో మొదటిరోజు ఏడుపులు సగం తగ్గుతాయి.

నాలుగు, ఒకటో తరగతిలో మొదటి మూడు నెలలు ఆటపాటలతో అలవాటు చేయడానికి 2021లో విద్యాప్రవేశ్ అనే కార్యక్రమం తయారుచేశారు. మీ బడిలో అది జరుగుతోందా, లేక మొదటిరోజే నోటుబుక్కు తెరిపిస్తున్నారా అని మహిళా సంఘం తరఫున పోయి అడగండి.

అయిదు, గ్రామసభలో రెండు మాటలు రాయించండి. పుట్టిన నాటి నుంచి ఆరేళ్ళ దాకా సంరక్షణ, చదువు పిల్లల హక్కుగా చట్టంలో రావాలి. ఆ పని చేసే ఆడవాళ్ళని టీచర్లుగా గుర్తించి టీచరు జీతం ఇవ్వాలి. ఒక్క ఊరి తీర్మానంతో చట్టం మారదు. సారా మీద కూడా మొదట ఒక్క ఊళ్ళోనే, 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు లేచారు. ఆ ఊరు ఎంత దూరం పోయిందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మీ కేంద్రాల్లో పిల్లల బొమ్మలు ఈ వారమే సర్దడం మొదలుపెట్టండి. తల్లులకి కబురు పంపండి. సెలవు.